అప్‌డేట్: పొటాషియం కంటే ఆర్గాన్ ముందెందుకు? తేలిపోయింది

ఆర్గాన్ ద్రవ్యరాశి 39.95, పొటాషియంది 39.10. మరి మూలకాల ఆవర్తన పట్టికలో (పీరియాడిక్ టేబుల్) బరువైన ఆర్గాన్ ముందెలా వచ్చిందని మా పాప టెన్త్ కోసం ఇదివరకు ఇక్కడ అడిగాను, జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. "ప్రోటాన్లు లెక్కపెట్టండి" అన్న సలహాతోనే తేలింది: ఆర్గాన్‌కి 18, పొటాషియంకి 19. పట్టికలో వరుసకు ఆధారం బరువు కాదు, పరమాణు సంఖ్యేనని (అంటే ప్రోటాన్ల లెక్క) 1913లో మోస్లే అనే భౌతిక శాస్త్రవేత్త ఎక్స్‌రేలతో చూపించాడట.

బరువు సంగతి విజయనగరంలో మాకు తెలిసిన రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ గారు విప్పి చెప్పారు. గాలిలోని ఆర్గాన్ దాదాపు అంతా ఆర్గాన్-40 (ఈ అంకె ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం). రాళ్లలోని పొటాషియం-40 కోట్ల ఏళ్లుగా విఘటనం చెందుతూ తయారైందది. పొటాషియంలో మాత్రం 93 శాతం పొటాషియం-39. అంటే ఆర్గాన్‌ని బరువెక్కించింది పొటాషియమేనన్నమాట, భలే ఉంది కదా!

పుస్తకంలో అచ్చుతప్పేమోనన్న అనుమానం అక్కర్లేదు. ఇలాగే బరువైనది ముందొచ్చే కోబాల్ట్-నికెల్, టెల్లూరియం-అయోడిన్ జంటల వరుస కూడా ప్రోటాన్ల లెక్కతోనే కుదురుతుంది.