పార్కు మూల గదిలో ఏ చేపలు పెట్టాలి?

సీతమ్మధార నడకరి:
మా కాలనీ పార్కులో ఒక గది ఖాళీగా పడి ఉంది. దాన్ని చిన్న అక్వేరియం చేద్దామని సంఘంలో మాట వచ్చింది. సగం మంది సముద్రపు చేపలే కావాలంటున్నారు. నేను ఒప్పుకోను. మన విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని అక్వేరియం ఎటూ ఉంది, దానికి నకలెందుకు? మన చెరువుల్లోని కొర్రమీను, జెల్ల, బొమ్మిడాయి, పరిగె పెడదాం. బొమ్మిడాయిని పులుసులో తప్ప చూడని పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. ఇసుకలో ఒళ్లంతా దాచుకుని ముక్కు మాత్రం బయట పెట్టే చేప అది, చూస్తే వదలరు.

హార్బరు దగ్గరివాణ్ణి:
సముద్రం ఒడ్డున కూర్చుని చెరువు చేపలు చూపిస్తారా? కొర్రమీను కోసం చేపల బజారుకు వెళితే చాలదా? పిల్లలకు రంగులు కావాలి. పైగా ఉప్పునీరు మనకు ఉచితం.

తొట్లు కడిగేవాణ్ణి:
ఉచితమా! నా పనే ఇది కాబట్టి చెబుతున్నాను. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండాలి. వానలకు నదులు పొంగాక బంగాళాఖాతం పైనీరు పలచబడుతుంది, ఆ నెలల్లో కొలవకుండా పోస్తే చేపలకు ముప్పే. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకే తగ్గిన మేరకు రోజూ మంచినీరే కలపాలి. ఇక ఇనుప స్టాండు తుప్పు సంగతి చెప్పనక్కర్లేదు.

ఏ నీరైనా సరే, ప్రారంభోత్సవానికి తొందరపడకండి. చేపలు వదిలే అమ్మోనియా వాటికే విషం. దాన్ని నైట్రైటుగా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా వడపోతలో కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒకచోట రిబ్బను కత్తిరించే రోజుకని చేపలన్నీ ఒకేసారి వదిలించారు. అయిదో రోజు పొద్దున నేను వెళ్లేసరికి అన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు మాత్రం తేటగా, ఎంతో అందంగా ఉన్నాయి.

ఎంవీపీ కాలనీ అమ్మమ్మ:
అసలు చేపను గాజుపెట్టెలో తిప్పి చూసి మురిసిపోవడం ఏమిటి నాయనా?

సీతమ్మధార నడకరి:
చిన్న తొట్టిలో పెద్ద చేపనైతే నేనూ వద్దంటానమ్మా. అందుకే వాలుగను జాబితాలో చేర్చలేదు. ఇంకో సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. పంపులు ఆగితే మామూలు చేపలకు ఊపిరి అందదు. కొర్రమీను పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది. బజారులో రేకు తొట్టిలో, జానెడు నీళ్లలో అది కదులుతూ ఉండడం అందరూ చూసిందే కదా.

హార్బరు దగ్గరివాణ్ణి:
హుద్‌హుద్ మాట కాదనను. కానీ కొర్రమీనును పరిగెలతో కలిపి వేస్తే కొన్నాళ్లకు కొర్రమీనే మిగులుతుంది! ఒక్క ఉప్పునీటి తొట్టికైనా చోటివ్వండి.

తొట్లు కడిగేవాణ్ణి:
కొర్రమీనుకు విడి తొట్టి తప్పదు. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు అనుకుంటే 2,000 లీటర్లు, నీళ్ల బరువే రెండు టన్నులు. ముందు నేల గట్టిదేనా చూడండి. పడమటి కిటికీ ఉంటే మూసేయండి, ఎండ పడితే గాజంతా నాచే.

సీతమ్మధార నడకరి:
కిటికీ పడమరకే ఉంది. నేల కింద పాత నీళ్ల సంపు ఉందని తోటమాలి ఇప్పుడే చెప్పాడు.