కీమో జరుగుతుంటే అమ్మను నడిపించాలా, పడుకోనివ్వాలా?

మలక్‌పేట వాణి:
అమ్మకు రొమ్ము క్యాన్సర్. ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు. రోజూ కాసేపు నడవమని డాక్టర్ చెప్పారు. మా మేనత్తేమో "వాంతులతో నీరసపడ్డ మనిషిని నడిపిస్తావా, నీకు మనసెలా ఒప్పుతోంది" అని గొడవ. ఇంట్లో రోజూ టెన్షన్. ఏం చేయాలి?

కూకట్‌పల్లి రవి:
పడుకోనివ్వండి. మా నాన్నను ఇలాగే "లేవండి, నడవండి" అని లేపారు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయిందని ఎవరూ చూడలేదు. కళ్లు తిరిగి పడ్డారు. ఆ తర్వాత మంచం దిగలేదు.

ఫిజియో సుధ:
రవిగారూ, రక్తపరీక్ష చూడకుండా లేపడం తప్పే. కానీ దానికి మందు పడుకోబెట్టడం కాదు. కీమో నీరసం మామూలు అలసట లాంటిది కాదు, విశ్రాంతి తీసుకున్నా పోదు. మంచం మీదే ఉంటే కండ కరిగి, లేవడం ఇంకా కష్టమవుతుంది. నయం చేసే ఉద్దేశంతో ఇచ్చే చికిత్స జరుగుతుండగానే నడక, కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయించమని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2022లో చెప్పింది. ఆపరేషన్ ముందు ఒంట్లో సత్తువ ఉంటే కోలుకోవడమూ తేలిక. జ్వరం వచ్చినా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా ఆపేయాలి. క్యాన్సర్ ఎముకలకు పాకితే బరువులు ఎత్తే ముందు డాక్టర్‌ని అడగాలి. కాళ్లు తిమ్మిరెక్కుతుంటే ఒంటరిగా వదలకూడదు.

సైనిక్‌పురి మూర్తి:
2025లో పెద్దపేగు క్యాన్సర్ మీద అధ్యయనం వచ్చింది. 889 మంది. వ్యాయామం చేయించినవాళ్లలో 8 ఏళ్లకు 90.3 శాతం బతికున్నారు, మిగతావాళ్లలో 83.2. ఇంకా చర్చ ఎందుకు?

కూకట్‌పల్లి రవి:
ఎందుకంటే అది కీమో పూర్తయ్యాక మొదలుపెట్టిన వ్యాయామం! పైగా పేగు క్యాన్సర్. వాణిగారి అమ్మకు కీమో ఇప్పుడు జరుగుతోంది. ఆ అధ్యయనంలో వాళ్లకైతే మూడేళ్ల పాటు వెంట ఉండి చేయించే మనిషి ఉన్నారు. మనకెవరున్నారు?

ఫిజియో సుధ:
అది చికిత్స తర్వాతదే, ఒప్పుకుంటాను. నేను చెప్పింది ఆయుష్షు గురించి కాదు, నీరసం గురించి.

కూకట్‌పల్లి రవి:
మూర్తిగారు చెప్పింది ఆయుష్షు గురించేగా? తర్వాతది తెచ్చి ఇప్పటిదానికి ఎలా అతికిస్తారు?

ఉప్పల్ పద్మ:
నాకు కీమో జరుగుతున్నప్పుడు "డాక్టర్ కదలమన్నాడుగా" అని మా అత్తమ్మ పొయ్యి దగ్గర నిలబెట్టింది. పదిమందికి వంట. దాన్నీ వ్యాయామమే అన్నారు.

ఫిజియో సుధ:
అది చాకిరీ అక్కా. అలసినప్పుడు ఆగే వీలుంటేనే వ్యాయామం.

సైనిక్‌పురి మూర్తి:
రవీ, మీ నాన్నగారి సంగతి పట్టుకుని అందరినీ భయపెడితే ఎలా? మనసు గట్టిగా పెట్టుకుని నడిచినవాళ్లు బాగుపడుతున్నారు.

కూకట్‌పల్లి రవి:
ఈ మాటే మా బంధువులు పన్నెండో రోజున అన్నారు. "ఇంకాస్త నడిచి ఉంటే బతికేవాడు, మీరే గారాబం చేశారు" అని. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట తలుచుకుని ఏడుస్తుంది. నడకతో నాకు పేచీ లేదు సార్. నడవనివాడు తన చావు తానే తెచ్చుకున్నట్టు మాట్లాడొద్దు.

ఫిజియో సుధ:
అలా అన్నది ఎవరైనా అన్యాయమే. వ్యాయామం కీమోకి తోడు మాత్రమే. నడవలేని రోజు రోగి తప్పు కాదు.

సైనిక్‌పురి మూర్తి:
నేను ఆ ఉద్దేశంతో అనలేదు. కానీ ప్రోత్సహించకపోతే ఎవరూ లేవరు.

ఉప్పల్ పద్మ:
వాణీ, ఇంతమందిమి కొట్టుకుంటున్నాం, మీ అమ్మను ఎవరైనా అడిగారా? నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

మలక్‌పేట వాణి:
ఇప్పుడే అడిగాను. కీమో ఎక్కించిన తర్వాత రెండు మూడు రోజులు తనను కదిలించొద్దట. ఆ తర్వాత ఎండ ఎక్కకముందే మా అపార్ట్‌మెంట్ కిందే నడుస్తానంది. మేనత్తకు ఇంకా కోపంగానే ఉంది.

కూకట్‌పల్లి రవి:
ముందు కొత్త రక్తపరీక్ష రిపోర్టు డాక్టర్‌కి చూపించండి. ఆయన సరే అన్నాకే కిందికి దింపండి. పక్కన ఒకరు ఉండాలి.