సంచి నిండా బిల్లులున్నాయి, ఏ లారీకి ఏం చేయించామో మాత్రం తెలీదు

విజయవాడ ఆరు లారీలు:
నాలుగు పన్నెండు టైర్ల బండ్లు, రెండు పది టైర్లవి. ఇన్నాళ్లూ లెక్కంతా నాన్న బుర్రలోనే ఉండేది, ఏ బండికి క్లచ్ ప్లేటు ఎప్పుడు వేశారో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. ఇప్పుడు నేను చూసుకుంటున్నా. పోయిన నెల ఒక బండికి బ్రేక్ లైనర్లు వేయించాక సంచి తిరగేస్తే మూడు నెలల కిందటి లైనర్ల బిల్లు దొరికింది, దాని మీద బండి నంబరే లేదు. అది ఈ బండిదా, పక్క బండిదా? సాఫ్ట్‌వేర్ కొనమంటున్నారు, అవసరమా?

పాత ఓనర్, గుంటూరు:
ముందు బండికో నోట్‌బుక్ కొను తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ తర్వాత. తేదీ, మీటర్ రీడింగ్, మార్చిన సామాను, బిగించిన మేస్త్రీ పేరు. రీడింగ్ లేని బిల్లు చిత్తు కాగితమే. లైనర్లు ఎన్ని నెలలు వచ్చాయని కాదు, ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో చూడాలి, పైగా హైవే మీద తిరిగే బండికీ క్వారీలో తిరిగే బండికీ పోలికే లేదు.

టైర్లకి వేరే పుస్తకం పెట్టు. నేను కొత్త టైరు వేసి పంపిన బండి ట్రిప్పు నుంచి వచ్చాక చూస్తే లోపలి వైపు రీట్రెడ్ టైరు (అరిగిన టైరుకి కొత్త రబ్బరు వేసింది) ఉంది. డ్రైవర్ని అడిగితే "నువ్వేసిందేగా" అన్నాడు. నంబర్ రాసుకోలేదు, ఏమని నిలదీస్తా? అప్పట్నుంచి టైరు పక్క గోడ మీద ఉండే సీరియల్ నంబర్ ఫోటో తీసి, ఏ చక్రమో, లోపలిదో బయటిదో రాస్తున్నా. తయారీ తేదీ కూడా అక్కడే ఉంటుంది, 2323 అంటే 2023లో 23వ వారం.

ఆటోనగర్ మెకానిక్:
"జనరల్ సర్వీస్" అని ఒక్క ముక్క రాయించుకుని పోకండి సార్. డ్రైవర్ చెప్పిన కంప్లైంట్ కూడా అతని మాటల్లోనే రాయండి. "ఎడమకి లాగుతోంది" అని మూడుసార్లు కనబడిందంటే నేను బ్రేకులు వదిలేసి కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే పిన్ను), కమాన్ పట్టీలు చూస్తా. పుస్తకం లేకపోతే మళ్లీ బ్రేకులే సెట్ చేసి పంపుతా, డబ్బులు మీవి.

మూడు బండ్ల ముచ్చట:
పది బండ్లకి మించని వాళ్లు బండికింత అని అంచనా ఆదాయం మీద ఇన్‌కమ్ టాక్స్ కడితే లెక్కల పుస్తకాలు అక్కర్లేదని మా ఆడిటర్ అంటే నేను బిల్లులన్నీ పారేశా. అది ఇన్‌కమ్ టాక్స్ వరకేనట, వారంటీ అడగబోతే సర్వీస్ రికార్డేది అన్నారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేదీ మాత్రం నోట్‌బుక్ అట్ట మీదే రాయండి, ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా చేయించాలి.

విజయవాడ ఆరు లారీలు:
పొద్దున ఆరు నోట్‌బుక్‌లు కొన్నా. తీరా చూస్తే రెండు బండ్లకి మీటరే తిరగడం లేదు. కొత్తది వేయిస్తే పాత రీడింగ్ ఏం చేయాలన్నా?

పాత ఓనర్, గుంటూరు:
పాత రీడింగ్ రాసి కింద గీత గీయి. కొత్త మీటర్ లెక్క ఆ గీత కింద నుంచి.