అప్‌డేట్: నా 1972 ప్రెసిషన్ బేస్ గిటార్ అమ్మట్లేదు
పాత ఫెండర్ బేస్ గరగరమంటోంది, నెక్ వంగింది, షాపతను పికప్ (తీగల శబ్దం పట్టే భాగం) మార్చి రంగు వేయించమంటున్నాడు, అమ్మేయాలా అని అడిగా కదా, ఏదీ చేయలేదు. ఇక్కడ న్యూజెర్సీలో రిపేర్లు చేసే ఒక పెద్దాయన చూసి, గరగరకి కారణం కేబుల్ పెట్టే జాక్ దగ్గర సోల్డర్ వదిలింది అంతే అన్నాడు. ఇక నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ (నెక్ లోపలి కడ్డీ) నట్టు దీంట్లో నెక్ కింది చివర ఉంటుంది కాబట్టి నెక్ విప్పాల్సిందే, పనిలో పనిగా పిక్‌గార్డ్ అనే ముందు పలక కూడా తీస్తే వాల్యూమ్ పాట్ (నాబ్ కింది భాగం) వెనక 1377220 అని ఉంది, 137 అంటే ఆ పాట్ చేసిన సీటీఎస్ కంపెనీ, మిగతాది 72లో 20వ వారం, నాకంటే పెద్దదన్నమాట! మోటౌన్ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ స్ట్రింగ్స్ తెగితే తప్ప మార్చేవాడు కాదట, నేనూ ఆ పాత ఫ్లాట్‌వౌండ్ (నున్నటి) స్ట్రింగ్సే ఉంచేశా. బొటనవేలు ఆనే చోట రంగు పోయి చెక్క తేలింది, కాలేజీ నుంచి నేను అరగదీసిందే అది, దానిమీద రంగేంటండీ. కొంటామని మెసేజ్ పెట్టిన అన్నలూ, సారీ.