ఎస్వీయూ డిబేట్: క్వాడ్ సైనిక కూటమేనా?

తిరుపతి పీజీ: అన్నలూ, వచ్చే వారం ఎస్వీయూలో డిబేట్. "భారత్ సైనిక కూటమిలో చేరాలి" అనేదానికి వ్యతిరేకంగా మాట్లాడాలి. ఇప్పటికే అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసి క్వాడ్‌లో ఉన్నాం కదా అంటే ఏం చెప్పాల?

చిత్తూరోడు: క్వాడ్‌ను కూటమి అని మాత్రం ఒప్పుకోవద్దు తమ్ముడూ. దాడి జరిగితే ఆదుకుంటామని రాసుకున్న ఒప్పందమేదీ దానికి లేదు. మలబార్ నౌకాదళ విన్యాసాలు వేరే సంగతి, అవి 1992లో అమెరికాతో మొదలైనవి. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో గురించి చెప్పేటప్పుడు, ఒకరిపై దాడి అందరిపై దాడే అనే 5వ అధికరణంతో అందరూ ఆపేస్తారు. 6 కూడా చదువు. రక్షణ ప్రధానంగా యూరప్, ఉత్తర అమెరికా, ఉత్తర అట్లాంటిక్ పరిధికే. అందుకే 1961లో మనం గోవాను తీసుకున్నప్పుడు పోర్చుగల్ నాటో సభ్యదేశమైనా ఆ నిబంధన వర్తించలేదు. పైగా 5 ప్రకారం ఏ సాయం చెయ్యాలో ఆయా దేశమే తేల్చుకుంటుంది, సైన్యం పంపి తీరాలని లేదు.

కొండకింద: 1971 భారత్-సోవియట్ ఒప్పందాన్ని ఎదుటి జట్టు తెస్తుంది, చూస్కో. 9వ అధికరణంలో ఉన్నది వెంటనే సంప్రదింపులు, తగిన చర్యలు. కలిసి యుద్ధం చేస్తామని కాదు.

తిరుపతి పీజీ: కూటమి కన్నా సంస్కృతి తెలియడం ముఖ్యం అనే పాయింట్?

చిత్తూరోడు: శ్రీలంక అడ్డొస్తుంది. తమిళం మనకు కొత్తా, చిత్తూరు అంగళ్లలో రోజూ వినపడేదే. అయినా 1987 జులైలో భారత్, శ్రీలంక చేసుకున్న ఒప్పందంలో అక్కడి తమిళ సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ సంతకమే లేదు. అక్టోబరుకల్లా మనం అక్కడికి పంపిన శాంతిసేన వాళ్లతోనే పోరాడాల్సి వచ్చింది. 1990 మార్చిలో వెనక్కి వచ్చేసరికి దాదాపు 1,200 మంది సైనికులు పోయారు. ఆ పాయింట్ ఎత్తాలనుకుంటే ఈ ఉదాహరణ ముందు నువ్వే చెప్పెయ్, వాళ్లకు వదలొద్దు.