విజయవాడ వదిలి దుగ్గిరాల పక్కన ఉన్న సొంత ఊరికి మారిపోవడం మంచిదేనా?

ప్రశ్న: పటమట నివాసి

అందరికీ నమస్కారం. మాది దుగ్గిరాల మండలంలో ఒక పల్లెటూరు. ఉద్యోగరీత్యా భార్యాపిల్లలతో విజయవాడ పటమటలో అద్దెకు ఉంటున్నాను. నాన్నగారికి డెబ్బై దాటాయి, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. వారిని మా దగ్గరే ఉంచుకుందామని తీసుకువస్తే నాన్నగారు పట్టుమని పది రోజులు ఉండలేకపోతున్నారు. ఊళ్ళో పొద్దున్నే అరుగు మీద కూర్చొని, పొలానికి వెళ్ళేవారిని పేరుపేరునా పలకరించే మనిషికి, తలుపు తీయగానే ఎదురింటివారి మూసిన తలుపు తప్ప మరేమీ కనబడని నాలుగో అంతస్తులో ఊపిరాడటం లేదు.

మా సంస్థ ఇప్పుడు వారంలో ఒక్క రోజు ఆఫీసుకు వస్తే చాలని చెప్పింది. ఊళ్ళో సొంత ఇల్లు ఉంది, ఫైబర్ కనెక్షను వచ్చింది, రెండెకరాల మాగాణి కౌలుకు ఇచ్చి ఉంది. ఇక్కడ అద్దె, అపార్టుమెంటు మెయింటెనెన్సు, బడి ఫీజులు, వేసవిలో ఏసీల కరెంటు బిల్లు పోగా చేతిలో మిగిలేది తక్కువ. దానికి తోడు 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నగరంలోని సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా బంధువుల కుటుంబం మేడ మీద చిక్కుకొని తాగే నీటికి కూడా అల్లాడిపోయింది. నగరంలో ఉంటే అన్నీ అందుబాటులో ఉంటాయన్న నమ్మకం నాకు అప్పుడే సడలింది.

పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. ఈ విద్యా సంవత్సరం ముగియగానే ఊరికి మారి, కౌలు మాన్పించి సొంతంగా వ్యవసాయం కూడా చూసుకోవాలని ఆలోచిస్తున్నాను. ఇలా వెళ్ళినవారు, వెళ్ళి తిరిగి వచ్చినవారు ఎవరైనా ఉంటే లాభనష్టాలు రెండూ దాచకుండా చెప్పగలరా?

జవాబు: బ్రాడీపేట గృహిణి

మీరు రాసినదానిలో నాన్నగారి ఇబ్బంది, అమ్మగారి మోకాళ్ళు, మీ ఉద్యోగం, మీ పొలం అన్నీ ఉన్నాయి గానీ, మీ శ్రీమతి ఏమంటున్నారో ఒక్క మాట కూడా లేదు. ముందుగా ఆమెను అడగండి. మిగిలిన లెక్కలన్నీ ఆ తరువాతే వేయవలసినవి.

నేను రేపల్లె వైపు పల్లెటూరి నుంచి గుంటూరు వచ్చి స్థిరపడినదాన్ని. పల్లెటూరి ఇల్లు అనగానే మగవారికి అరుగూ, చెట్టునీడా గుర్తుకొస్తాయి. ఆడవారికి ముందుగా గుర్తుకొచ్చేది చాకిరీ. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడంతో మొదలై, చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టాలకు కాఫీలు, పెద్దవాళ్ళకు ఉప్పు తగ్గించి ఒక కూర, పిల్లలు తినేలా మరొక కూర అంటూ సాగి, రాత్రి గిన్నెలు తోమి బోర్లించేసరికి ఏ పది గంటలో అవుతుంది. ఇక్కడ పనిమనిషి వచ్చి గంటలో అంట్లూ బట్టలూ పూర్తి చేసి వెళుతుంది. ఊళ్ళో నాట్లు, కోతల కాలం వచ్చిందంటే ఎంత ఇస్తామన్నా ఇంటిపనికి మనిషి దొరకదు, ఎందుకంటే పొలంలో కూలి అంతకన్నా ఎక్కువ గిడుతుంది.

ఇక్కడ సాయంత్రం నేను కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్ళి వస్తే ఎవరూ అడగరు. ఊళ్ళో బస్సు ఎక్కేలోగా నలుగురు ఎక్కడికని అడుగుతారు. ఆ అడగడంలో ఆప్యాయత ఉందన్న మాట నిజం. మా అత్తగారు కాలుజారి పడినప్పుడు మేము గుంటూరు నుంచి చేరేలోగా ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళింది కూడా ఆ అడిగేవారే. అయినా కోడలిగా ఆ చూపుల మధ్య ప్రతిరోజూ గడపడం వేరు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఊళ్ళలోని ఆడవారు కాస్త స్వేచ్ఛగా తిరగగలుగుతున్నారు గానీ, పొద్దునా సాయంత్రమూ తప్ప బస్సు రాని ఊళ్ళలో ఆ మేలు సగమే అందుతుంది.

మీ అమ్మాయి విషయం కూడా ఆలోచించండి. ఊళ్ళో ఉంటే ఇంటర్మీడియట్ కోసం ఆమెను విజయవాడలోనో గుంటూరులోనో హాస్టల్లో చేర్చక తప్పదు. పెద్దవాళ్ళకు దగ్గరవుదామని వెళ్ళి, పదిహేనేళ్ళ పిల్లను దూరంగా పంపవలసి వస్తుందేమో చూసుకోండి.

జవాబు: కొల్లిపర లంక రైతు

తమ్ముడూ, వరద భయంతో ఊరికి రావాలనుకుంటే ఆ కారణాన్ని మాత్రం పక్కన పెట్టు. నువ్వు చెప్పిన ఆ సెప్టెంబరులోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వచ్చి కృష్ణా నదిలోని మా లంక భూములను ముంచేసింది. మాకూ సింగ్‌నగర్ వారికీ ఉన్న తేడా ఒక్కటే. బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది ఇస్తారు. మొదటిది వినగానే మేము గొడ్లను కరకట్ట మీదికి తోలి, మోటార్లు విప్పి, బియ్యం బస్తాలు అటక మీదికి చేరుస్తాం. ఇది మా తాతల నాటి నుంచి వస్తున్న అలవాటు. అక్కడ అద్దెకు ఉన్నవారిలో చాలామందికి పక్కనే ఒక ఏరు ఉన్నదన్న ధ్యాసే ఉండదు.

అయితే ప్రాణాలు కాపాడుకున్నాం గానీ పంటను కాపాడుకోలేకపోయాం. నీరు తీశాక అరటి తోటలోకి వెళితే చెట్లన్నీ నిలబడే ఉన్నాయి. దగ్గరికి పోయి మొదట్లో బోదెను నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. ఆకులు మట్టల దగ్గర విరిగి వేలాడుతున్నాయి, గెలలు ముదరకుండానే రంగు తిరిగాయి. కొద్ది రోజుల్లో చెట్లు ఒకదాని వెంట ఒకటి ఒరిగిపోయాయి. పక్క చేలో పసుపు తవ్వి చూస్తే దుంప కుళ్ళిన వాసన. మీది నది వైపు కాకుండా కట్టకు ఇవతల ఉన్న ఊరైతే ఇంత ముప్పు ఉండదు, కానీ వ్యవసాయంలోకి దిగేవాడు ఇది తెలుసుకొని దిగాలి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మీ కౌలుదారు సంగతి. రెండెకరాల సార్వా వరి, దాని వెనుక మినుమో మొక్కజొన్నో వేసి మిగిలేది నీ జీతం ముందు లెక్కలోకి రాదు. అతనికి మాత్రం ఇంటిల్లిపాదీ తిండికి ఆ చెక్కే ఆధారం కావచ్చు. నిజంగా పొలానికి మేలు చేయాలని ఉంటే అతని సాగుదారు హక్కు పత్రానికి సంతకం పెట్టు. 2019 చట్టం ప్రకారం యజమాని ఒప్పుకొని సంతకం చేస్తేనే కౌలుదారుకు ఆ కార్డు వస్తుంది, అది చేతిలో ఉంటేనే పంట రుణానికీ, నష్టపరిహారానికీ దారి దొరుకుతుంది. పొలం ఎక్కడ పోతుందోనన్న భయంతో ఎంతోమంది యజమానులు సంతకం పెట్టడం లేదు. ఆ కార్డుతో భూమి మీద యాజమాన్య హక్కు రాదు. నీకు మట్టి మీద మమకారం ఉంటే పెరట్లో బెండ, వంగ, ఆకుకూరలు వేసుకో. ఆఫీసు మీటింగులో కూర్చొని కాలువ నీటి వంతుకు కాపలా కాయడం ఎవరి వల్లా కాదు.

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, మంగళగిరి

నాన్నగారి వయసు, షుగరు, బీపీ చూసి ఇది రాస్తున్నాను. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అదీ స్కానింగులో రక్తస్రావం లేదని తేలిన తరువాతే. కాబట్టి ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లు ఉన్నదన్నదానికన్నా, అర్ధరాత్రి వేళ అక్కడ స్కానింగు చేసేవారూ, డాక్టరూ ఉంటారా అన్నది ముందే కనుక్కొని పెట్టుకోవాలి. మీ ఊరికి ఒకవైపు తెనాలి ప్రభుత్వ ఆసుపత్రి, మరోవైపు మంగళగిరి ఎయిమ్స్, కాస్త దూరంలో గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఉన్నాయి. ఈ విషయంలో మీరు చాలా పల్లెల కంటే అదృష్టవంతులు. విజయవాడలో ఆసుపత్రి పక్క వీధిలోనే ఉన్నా, సాయంత్రం వేళ బెంజి సర్కిల్ దాటి రావలసినవారికి ఎంత సమయం పడుతుందో మీకు తెలియనిది కాదు.

మాగాణి ఊళ్ళలో కట్లపాము భయం ఉంటుంది. అది ఎక్కువగా రాత్రి పూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. గాటు సరిగా కనబడదు, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయి మింగుడు పడదు. పిల్లలను మంచం మీద దోమతెర కట్టి పడుకోబెట్టండి. కాటు వేసిందన్న అనుమానం కలిగినా చాలు, తాడు బిగించడం, గాటు కోయడం, మంత్రం వేయించడం వంటివి చేయకుండా, ఆ కాలు కదలనివ్వకుండా 108లో నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పల్లె గాలి శుభ్రమన్న మాట కూడా అన్ని రోజులకూ వర్తించదు. పురుగుమందులు చల్లే రోజుల్లో, గడ్డి తగలబెట్టే రోజుల్లో ఆయాసం ఉన్నవారు ఇంటి తలుపులు మూసుకోవలసిందే.

ఇన్ని చెప్పినా నాన్నగారిని మాత్రం ఊళ్ళోనే ఉంచమంటాను. ఫ్లాటులోకి వచ్చిన పెద్దవాళ్ళు నడక మానేసి, మాట్లాడేవారు లేక, వేళకు తినక, షుగరు అదుపు తప్పి మా వార్డుకు రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

పటమట నివాసి

ముగ్గురికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. మా ఆవిడతో కూర్చొని మాట్లాడాను. ఊరికి రావడానికి ఆమెకు అభ్యంతరం లేదు గానీ, అమ్మాయి పదో తరగతి పూర్తయ్యేదాకా, ఆ తరువాత ఇంటర్మీడియట్ అయ్యేదాకా కూడా ఇల్లు ఇక్కడే ఉండాలని స్పష్టంగా చెప్పింది. ఆమె మాట సబబుగానే ఉంది. అందువల్ల వారంలో నాలుగు రోజులు నేనొక్కడినే ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర ఉండి అక్కడి నుంచే పని చేస్తాను. దుగ్గిరాల మీదుగా తెనాలి వెళ్ళే రైళ్ళు ఉన్నాయి కాబట్టి రాకపోకలకు ఇబ్బంది లేదు. సెలవుల్లో పిల్లలు అక్కడికి వస్తారు. కౌలు మాన్పించను; హక్కు పత్రం సంతకం గురించి నాన్నగారితో మాట్లాడితే ఆయన ఒప్పుకున్నారు.

నేను లేని మూడు రోజుల మాటే ఇంకా తేలలేదు. దుగ్గిరాల, తెనాలి ప్రాంతంలో పెద్దవాళ్ళకు తోడుగా నెలజీతం మీద మనిషిని పెట్టుకున్నవారు ఎవరైనా ఉంటే, రాత్రి కూడా ఉండటానికి ఒప్పుకుంటున్నారా, షుగరు పరీక్ష చేయడం, మందులు వేళకు ఇవ్వడం వారికి నేర్పగలిగారా, జీతం ఎంత ఇస్తున్నారు అన్నవి దయచేసి తెలియజేయండి.