తిరుమల కొండలో రెండు రాళ్లు కలిసే ఆ గీత ఎక్కడ కనిపిస్తుంది?

అందరికీ నమస్కారం. వచ్చే నెల పిల్లలతో తిరుమల వెళ్తున్నాం. ఘాట్ రోడ్డు పక్కన కింద గ్రానైటు, దాని మీద నగరి క్వార్ట్‌జైటు (ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి) పొరలు కలిసే చోటు ఉంది కదా, ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ (మధ్య కాలపు పొరలేవీ లేకుండా పాత రాయి మీద కొత్త రాయి కూర్చున్న హద్దు) అంటారే, అది వాళ్లకు చూపించాలని నా కోరిక. పై రాయికి దాదాపు 160 కోట్ల ఏళ్లు, కింది గ్రానైటు దానికన్నా కోట్ల ఏళ్లు పాతది. మధ్యలో అంత కాలం ఒక్క గీతలో మాయమైందంటే ఒళ్లు పులకరిస్తుంది!

బస్సు మధ్యలో ఆపరు. ఏ మలుపు దగ్గర కిటికీలోంచి బాగా కనబడుతుంది? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? అలిపిరి మెట్ల దారిలో దగ్గరగా చూడొచ్చా?

ఇంకో సందేహం. గ్రానైటును చీల్చుకుని వచ్చిన డోలరైటు డైకులు (పగుళ్లలోకి కరిగిన రాయి ఎక్కి గట్టిపడిన నల్లరాతి గోడలు) ఆ గీత దగ్గరే ఆగిపోతాయట. అంటే పైన ఇసుక పేరుకునే నాటికే అవి అరిగిపోయాయనా? పెద్దవాడు ఏడో తరగతి, వాడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.